రూడల్ఫ్ డీజిల్ జీవితము

మన గోదావరి మండలమున ఏ పెట్రోలు బంకునకు పోయినను అచ్చట రెండు పేర్లు వ్రాసియుండుట చూతుము. పెట్రోలు అనునది రాతినూనె అను అర్థముగల ప్రాచీన పదమునుండి పుట్టిన మాట. డీజిలు అనునది అట్టిది కాదు. అది యొక మనుష్యుని యింటిపేరు. పంట కోయు యంత్రమును, చేపల చెరువు గట్టున మ్రోగు ఇంజనును, పాపికొండలకు యాత్రికులను గొనిపోవు లాంచీయు, ధాన్యపు బస్తాలను మోయు లారీయు ఆయన పేరు మీదనే నడచుచున్నవి. అయినను ఆయన యెవరని తరగతిలో నడిగినచో విద్యార్థులు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. ఆ లోపమును కొంత తీర్చుటకై ఈ సంచికయందు ఆయన చరిత్రమును వ్రాయ బూనుకొంటిమి. ఇది కేవలము విజయగాథ కాదని చదువరులకు ముందుగనే మనవి చేయుచున్నాము.

ఆయన కథను చెప్పుటకు ముందు, మన యూళ్లలో పెద్దలు బాగుగ నెరిగిన యొక పనిని జ్ఞప్తికి దెచ్చెదము. 1973వ సంవత్సరమున అరబ్బు దేశములు నూనె ఎగుమతిని తగ్గించిన పిమ్మట పెట్రోలు ధర లోకమంతటను పెరిగెను. మన దేశమున ఆ కాలమందు డీజిలు వెల పెట్రోలు వెలకంటె చాల తక్కువగ నుండెడిది. కారును కిరాయికి త్రిప్పుకొని బ్రతుకువారికి ఆ వ్యత్యాసమే జీవనాధార మయ్యెను. అందుచే పాత అంబాసిడరు కారును మెకానిక్కు షెడ్డునకు తోలుకొనిపోయి, పెట్రోలు ఇంజనును దించి, దాని చోట డీజిలు ఇంజనును ఎక్కించు ఆచారము దేశమంతట వలెనే మన పట్టణములందును వ్యాపించెను. 1980 ప్రాంతమున ఆ కారు కర్మాగారమునుండియే డీజిలు ఇంజనుతో వెలువడ నారంభించిన పిదప ఈ మార్పిడి మరింత సుకరమయ్యెను. ఏలయన, ఆ కారునకు వచ్చిన పెట్రోలు ఇంజనును, డీజిలు ఇంజనును ఒకే బ్రిటిషు వంశమునకు చెందినవి. రెండింటి కొలతయు 1489 ఘన సెంటీమీటర్లే.

సుకరమనగా కష్టము లేనిదని యెంచరాదు. చైన్ పుల్లీతో పాత యింజనును పైకి లేపి, కొత్తదానిని దింపుటతో పని ముగియదు. డీజిలు ఇంజను బరువైనది. కారు ముందుభాగము క్రుంగును. దాని యదురు హెచ్చు. దానిని మోయు రబ్బరు దిమ్మలు పాతవే యున్నచో కొలది నెలలలో పగులును. కార్బురేటరు, స్పార్కు ప్లగ్గులు, వానికి నిప్పురవ్వ నందించు డిస్ట్రిబ్యూటరు, ఇవి యన్నియు నక్కరలేని వస్తువులై బల్లపై మిగిలిపోవును. వానికి బదులు ఒక పంపును, నూనెను మంచుతుంపరవలె చల్లు ఇంజెక్టర్లును వచ్చును. ఇంజనును త్రిప్పి మేల్కొలుపుటకు బలమైన బ్యాటరీ కావలయును. పెట్రోలు టాంకును కడిగి ఆరబెట్టవలయును. తుదకు రవాణా కార్యాలయమున ఆర్.సి. పుస్తకమునందు ఈ మార్పును వ్రాయించుకొనవలయును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను దానిని విధించుచున్నది. ఈ కడపటి పనిని సోమరితనముచే విడిచిన వారు, ప్రమాదము సంభవించినపుడు భీమా సొమ్మునకై తిరుగుచు చింతించిన సందర్భములు కలవు.

ఒకే కొలతగల రెండు ఇంజనులలో ఒకటి యంత బరువుగను, అంత మొరటుగను ఉండుటకు కారణమేమి? అందులకు ఉత్తరమే డీజిల్ దొర జీవితకార్యము. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మన బాలురందరికి ననుభవమే. గాలిని నొక్కినకొలది అది వేడెక్కును. పెట్రోలు ఇంజను, గాలి పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమమును సుమారు ఏడెనిమిదవ వంతునకు నొక్కి, పిదప విద్యుత్తు రవ్వతో దానిని మండించును. డీజిలు ఇంజను కేవలము గాలినే లోనికి తీసికొని ఇరువదవ వంతు ప్రాంతమునకు నొక్కును. అప్పుడా గాలి ఎంత వేడెక్కుననగా, అందులో చల్లిన నూనె నిప్పు తగులకయే తనంతట తాను మండును. అంతటి యొత్తిడిని ఓర్చుటకు గోడలు దళసరిగ నుండవలయును, ఇరుసులు బలముగ నుండవలయును. బరువంతయు అందువలననే. ఇంధనమున జరుగు పొదుపును అందువలననే.

రూడల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోర్, బవేరియా దేశమందలి ఆగ్స్‌బర్గ్ పట్టణమునుండి వచ్చి పారిసులో తోలుసామానులు చేయుచుండెను. పుస్తకములకు అట్టలు కట్టుట ఆయన కులవృత్తి వంటిది. ఇంట ధనము లేదు. బాలుడైన రూడల్ఫ్ తండ్రి చేసిన వస్తువులను తోపుడుబండిలో పెట్టుకొని బేరగాండ్ర యిండ్లకు చేర్చుచుండెను. తీరిక దొరికినపుడు ఆ నగరమందలి యంత్రముల ప్రదర్శనశాలకు పోయి, పూర్వకాలపు ఆవిరిబండి మొదలగువానిని చూచుచు నిలువబడును. చూచినదానిని ఇంటికి వచ్చి కాగితముపై గీయుచుండెడివాడు.

1870లో ఫ్రాన్సు దేశమునకు ప్రష్యాతో యుద్ధము వచ్చెను. పారిసులోని జర్మనులు శత్రువులైరి. కుటుంబ మంతయు సామానులను విడిచి లండనునకు పారిపోయెను. అచ్చట బ్రతుకుతెరువు దుర్లభ మగుటచే, తల్లి పండ్రెండేండ్ల రూడల్ఫును ఒంటరిగా ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల యింటికి పంపెను. ఆ బంధువు బార్నికెల్ అను గణితోపాధ్యాయుడు. అచ్చటి వృత్తివిద్యాలయమున పాఠములు చెప్పువాడు. పరాయి యిల్లు, తానంతగా పలుకని యాస, తలిదండ్రులు సముద్రమున కావల. ఇట్టి స్థితిలో బాలుడు చెడిపోవుటకు ఎన్ని మార్గములు కలవో ఉపాధ్యాయ వృత్తిలోనున్న మేము ఎరుగుదుము. రూడల్ఫ్ మాత్రము పదునాలుగవ యేట తలిదండ్రులకు ఉత్తరము వ్రాసి, తాను ఇంజనీరు కాదలచితినని తెలియజేసెను. 1873లో ఆ పాఠశాల పరీక్షయందు ప్రథముడుగా నిలిచెను.

ఇచ్చట తలిదండ్రులకు కొంచెము కష్టమైన యొక సంగతి చెప్పక తప్పదు. 1875లో కుమారుడు పై చదువునకు పోదుననగా, బీదలైన తలిదండ్రులు అతడిక సంపాదింపవలయునని కోరిరి. వారిని మేము నిందింపజాలము. మన మండలమున కూడ ప్రతి సంవత్సరము పదవ తరగతి ముగియగనే ఈ తగవు ఎన్ని యిండ్లలో పుట్టుచున్నదో చెప్పనక్కరలేదు. మ్యూనిక్ నగరమందలి పాలిటెక్నిక్ విద్యాలయము ఆ బాలుని ప్రతిభ చూచి విద్యార్థివేతనము నిచ్చుటచే ఆ తగవు తీరెను. వేతనము రానిచో ఏమగునో యూహింప నలవి కాదు.

మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండే అను ఆచార్యుడు శీతల యంత్రములను కనిపెట్టిన గొప్పవాడు. ఆయన ఒకనాటి యుపన్యాసములో ఆవిరి యంత్రముల సంగతి చెప్పుచు, బొగ్గునందలి వేడిమిలో నూటికి పదివంతులు మాత్రమే, అంతకంటె తక్కువయు, పనిగా మారుచున్నవని వివరించెను. మిగిలిన తొంబదివంతులు పొగగొట్టమునుండియు, నీటినుండియు వ్యర్థముగ పోవుచున్నవి. 1824లో ఫ్రెంచివాడైన సాడి కార్నో వ్రాసిన చిన్న పుస్తకములో, వేడిమిని ఇంతకంటె ఎంతో పూర్తిగా పనిగా మార్చుట సిద్ధాంతరీత్యా సాధ్యమని యుండెను. డీజిల్ తన నోటు పుస్తకపు అంచున ఆ విషయమును ఆచరణలో పరీక్షింపవలయునని వ్రాసికొనెను. లోకమున ఎందరో విద్యార్థులు నోటు పుస్తకపు అంచులలో ఏమేమో వ్రాయుదురు. ఇతడు వ్రాసినది ఇతనిని పదునైదేండ్లు వెంటాడెను.

1879లో టైఫాయిడు జ్వరము వచ్చి పరీక్ష తప్పిపోయెను. మరల పరీక్ష జరుగువరకు ఊరక కూర్చుండక స్విట్జర్లాండు దేశమున జుల్జర్ సోదరుల కర్మాగారమున చేతిపని నేర్చుకొనెను. 1880 జనవరిలో ఆ విద్యాలయమునందు అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. తరువాత లిండే ఆచార్యుని మంచుగడ్డల కర్మాగారమును నెలకొల్పుటకు పారిసునకు పోయి, త్వరలోనే దానికి నిర్వాహకుడయ్యెను. 1883లో మార్తా ఫ్లాషే అను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగిరి. 1890లో కుటుంబము బెర్లినునకు మారెను. ఇవి యన్నియు సుఖముగా గడచిన దినములు. అయినను ఆయన మనస్సు మంచుగడ్డలపై లేదు. ఆవిరికి బదులు అమ్మోనియా వాయువుతో నడచు యంత్రమును చేయవలెనని ఏండ్ల తరబడి శ్రమించి విఫలుడయ్యెను. ఆ వైఫల్యమునుండియే, వాయువునేల, సాధారణమైన గాలినే మిక్కిలి నొక్కి అందులో నూనెను మండింపరాదా యను తలంపు పుట్టెను.

1892లో ఆయన ఈ తలంపునకు పేటెంటు కోరి, 1893 ఫిబ్రవరిలో పొందెను. ఆ యేడే తన సిద్ధాంతమును పుస్తకముగా ప్రచురించెను. కాగితముపైనున్న యింజనును ఇనుముతో చేయువారు కావలయును గదా! ఆగ్స్‌బర్గ్ యంత్రశాలాధికారియగు హైన్రిష్ ఫాన్ బూట్స్ మొదట సందేహించి, తుదకు సమ్మతించెను. ఉక్కు వ్యాపారియగు క్రుప్ సంస్థయు ధనసహాయము చేసెను. తాను బాలుడుగా ఒంటరిగ దిగిన ఊరికే డీజిల్ ఇంజనీరై మరల వచ్చెను.

1893 ఆగస్టు 10వ తేదీన మొదటి పరీక్ష జరిగెను. ఆ యంత్రము తనంతట నడచినది కాదు. వేరొక యంత్రపు పట్టాతో దానిని త్రిప్పిరి. లోపలికి ఇంధనము పంపినంతనే గొప్ప ప్రేలుడు కలిగి, ఒత్తిడిని కొలుచు పరికరము ముక్కలై ఎగిరిపోయెను. అచ్చట నిలిచినవారు వెంట్రుకవాసిలో తప్పించుకొనిరి. ఇట్టిదానిని చూచి కర్మాగారపు సొంతదారులు తలుపులు మూసికొనుట సహజము. డీజిల్ మాత్రము సంతోషించెను. ఏలయన నిప్పు లేకయే ఇంధనము మండునను మాట ఋజువయ్యెను. ఇంజను చెడిపోయెనని పదిమంది చూచిన చోట, సిద్ధాంతము గెలిచెనని ఆయన ఒక్కడు చూచెను.

యంత్రమును మార్చి మార్చి కట్టి, 1894 ఫిబ్రవరి 17వ తేదీన మరల పరీక్షించిరి. యథాప్రకారము పట్టాతో త్రిప్పుచుండగా, అచ్చట నిలిచిన యొక ఫిట్టరు ఆ పట్టా వంక తేరిపార చూచెను. పట్టా ఇంజనును లాగుటకు బదులు ఇంజనే పట్టాను లాగుచుండెను. అతడు మాటయేమియు పలుకక తన టోపీని తీసి వందనము చేసెను. డీజిల్ దానిని చూచి సంగతి గ్రహించి అతని చేయి పట్టుకొనెను. ఇంజను తన బలముతో నడచినది ఒక్క నిమిషము మాత్రమే. ఈ చరిత్రయంతటిలో మాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిది. ఆచార్యులు, ధనికులు, పేటెంటు కార్యాలయముల వారు ఎందరో ఈ కథయందు కలరు. కాని యంత్రము పుట్టినదని మొదట తెలిసికొన్నవాడు చేతులకు నూనె మరకలుగల పనివాడు.

ఆ పిమ్మట మరి మూడు సంవత్సరములు గడచెను. 1897 ఫిబ్రవరి 17వ తేదీన మ్యూనిక్ ఆచార్యుడగు మోరిట్స్ ష్రోటర్ కొత్త ఇంజనును అధికారపూర్వకముగ పరీక్షించెను. దాని బరువు నాలుగున్నర టన్నులు. ఎత్తు సుమారు మూడు మీటర్లు. బలము ఇరువది గుఱ్ఱములు. ఇంధనపు వేడిమిలో నూటికి 26.2 వంతులు పనిగా మారుచున్నవని తేలెను. నాటి ఆవిరి యంత్రముల కిది రెండు రెట్లకును మించినది. ఒక్క యేట ఆయన పేరు దేశదేశముల వ్యాపించెను. అమెరికాలో బీరు వ్యాపారియగు అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులిచ్చి ఆ దేశపు హక్కులు కొనెను. డీజిల్ కోటీశ్వరుడయ్యెను. మ్యూనిక్‌లో రాజభవనము వంటి యిల్లు కట్టించెను.

ఆయన తలచినది మాత్రము వేరు. పెద్ద పెద్ద ఆవిరి యంత్రములు ధనికుల సొత్తు. బొగ్గు, బాయిలరు, పొగగొట్టము, ఇవి యన్నియు నున్నగాని అవి నడువవు. వడ్రంగి, సాలె, కమ్మరి, అచ్చుకూటము వాడు, ఇట్టి చిన్న పనివాండ్రు పెద్ద మిల్లుల పోటీకి నిలువలేక కూలీలగుచున్నారని డీజిల్ చింతించెను. తన యింజను చిన్నదై, చవుకగా నడచి, ప్రతి పనివాని గుడిసెలోను ఉండవలయునని ఆయన కోరిక. 1903లో ఆయన యంత్రమును గూర్చి కాక, కూలివారు కలిసికట్టుగా తమ కర్మాగారములకు తామే సొంతదారు లగుటను గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. ఇంజనుకంటె అదియే తన గొప్ప పనియని ఆయన యెంచెను. దానిని కొన్నవారు కొద్దిమంది. చదివినవారు ఇంకను కొద్దిమంది.

ఇంజను ఆయన కోరినంత చిన్నది కాలేదు. నూనెను లోపలికి చిమ్ముటకు ఆ దినములలో మిక్కిలి ఒత్తిన గాలి కావలసి యుండెను. ఆ గాలిని తయారుచేయుటకు మరియొక యంత్రము, అనగా కంప్రెసరు, ఇంజను ప్రక్కన నుండవలయును. రెండు యంత్రముల బరువును గుడిసె మోయలేదు, బండి మోయలేదు. ఓడ మోయగలదు. 1903లో ఫ్రాన్సు కాలువలపై ఒక పడవయు, రుష్యా దేశపు వోల్గా నదిపై వండాల్ అను ఓడయు ఈ యింజనుతో నడచెను. కాలువలు, లాకులు, పడవలు మనకు క్రొత్త కావు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది మొదలు మన మండలపు సరకులు చిరకాలము నీటిదారినే పోయినవి. అందుచే ఈ యింజను నేలకంటె ముందు నీటిపై నడచెననుట మన పిల్లలకు సులభముగ బోధపడును. 1912లో డెన్మార్కు వారి సెలాండియా అను గొప్ప ఓడ మహాసముద్రములను దాటెను.

ఇచ్చట ఒక అపోహను తీర్చవలసి యున్నది. డీజిల్ తన మొదటి యింజనును వేరుసెనగ నూనెతో నడపెనని పత్రికలలో తరచుగ వ్రాయుచున్నారు. అది నిజము కాదు. 1900 పారిసు ప్రదర్శనమున ఫ్రెంచి ప్రభుత్వపు కోరికపై ఆటో కంపెనీ వారు చిన్న డీజిలు ఇంజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడపి చూపిరి. ఆఫ్రికాలోని తమ వలసరాజ్యములలో వేరుసెనగ విస్తారముగ పండుటచే, అచ్చటి ఇంజనులు అచ్చటి నూనెతోనే నడువవలెనని ఆ ప్రభుత్వపు ఆలోచన. యంత్రములో మార్పేమియు చేయకయే అది నడచుటచే చూచువారు భేదమును గమనింపనే లేదట. డీజిల్ తరువాత ఈ ప్రయోగమును మెచ్చుకొని, మొక్కల నూనెలకు ముందు కాలమున గొప్ప విలువ రాగలదని 1912లో చెప్పెను. నూనెగింజలు పండించు మన మెట్ట రైతుల పిల్లలు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

కీర్తి వచ్చిన వెనుక శాంతి పోయెను. 1898లోనే ఆయన అతిశ్రమచే నరముల వ్యాధికి లోనై ఆరోగ్యశాలలో కొన్ని నెలలు గడపెను. తొందరపడి అమ్మిన ఇంజనులు కొన్ని చెడిపోయి తిరిగి వచ్చెను. ఇంగ్లండులో అక్రాయిడ్ స్టువార్టు అనునాతడు 1890లోనే ఈ రీతి నూనె ఇంజనునకు పేటెంటు పొందెనని కొందరు వాదించిరి. స్టువార్టు ఇంజనున గాలిని అంతగా నొక్కుట లేదు. ముందుగా వేడిచేసిన గుండుపై నూనెను చిమ్ముచుండెను. కావున రెండును ఒకటి కావని మా యభిప్రాయము. అయినను వ్యాజ్యములు, వాదములు ఆయన నిద్రను హరించెను. 1912లో బెర్లినున ఓడల ఇంజనీర్ల సభయందు ఆయన తన యింజను పుట్టుకను వివరింపగా, పండితులు కొందరు కఠినముగ ఖండించిరి. 1913లో ఒక ఆచార్యుడు, ఆయన కీర్తియంతయు కల్పితమని ఒక పుస్తకమునే వ్రాసెను.

ధనము గూడ నిలువలేదు. యంత్రముల లెక్కలలో దశాంశ స్థానమును తప్పని మనుష్యుడు ఇంటి లెక్కలలో పసిబాలుని వంటివాడు. భూములపై పెట్టిన సొమ్ము మునిగిపోయెను. అప్పులు పెరిగెను. ఆ గొప్ప యిల్లు, గొప్ప విందులు ఎప్పటివలెనే సాగుచుండెను. భార్యకును, బిడ్డలకును నిజస్థితి తెలియదు. ఆయన చేసిన తప్పులలో మాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే. అప్పు చేయుట కంటె, దానిని ఇంటివారికి చెప్పక ఒంటరిగ మోయుట ఆయన ప్రాణమునకు ముప్పు తెచ్చెను. కన్యాశుల్కపు దినములు పోయి కట్నముల దినములు వచ్చిన మన మండలమున, కౌలు అప్పులు, చెరువుల అప్పులు భార్యకు తెలియనీయక కాగితములు దాచు తండ్రులు కలరు. వారు ఈ పేరా నొకటికి రెండుసార్లు చదువుదురు గాక.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున ఆయన ఇంగ్లండులో తన యింజనులు చేయు కంపెనీవారి సమావేశమునకై అంట్‌వర్ప్ రేవులో డ్రెస్డెన్ అను ఓడ నెక్కెను. ఇద్దరు మిత్రులు తోడనుండిరి. భోజనము చేసిరి, ఓడపై కొంతసేపు తిరిగిరి. రాత్రి పది గంటల ప్రాంతమున ఆయన తన గదికి పోవుచు, ఉదయము 6 గంటల 15 నిమిషములకు మేల్కొలుపవలసినదిగా చెప్పెను. ఉదయమున గది ఖాళీగా నుండెను. పడకపై ఎవరును పరుండిన గుర్తు లేదు. ఓడ వెనుకవైపు కమ్ముల చెంత ఆయన టోపీయు, మడిచిన పైకోటును దొరికెను. పదిదినములకు డచ్చివారి పడవ యొకటి సముద్రమున తేలుచున్న శవమును చూచి, జేబులలోని చిన్న వస్తువులను తీసికొని, శవమును మరల నీటికి విడిచిపెట్టెను. అక్టోబరు 13వ తేదీన కుమారుడు యూజెన్ కళ్లజోడు పెట్టెను, చిన్న కత్తిని, మరికొన్నిటిని చూచి అవి తన తండ్రివని గుర్తించెను. ఆయనకు ఏబదియైదేండ్లు.

ప్రయాణమునకు ముందు ఆయన భార్యకు ఒక సంచి నిచ్చి, వారము దినముల వరకు తెరువవద్దని చెప్పియుండెను. అందులో 20,000 మార్కుల నగదును, బ్యాంకులలో ఏమియు మిగులలేదని చూపు కాగితములును ఉండెను. ఆయన దినచర్య పుస్తకమున ఆ తేదీ యెదుట చిన్న సిలువ గుర్తు గీయబడి యుండెను. గూఢచారులు చంపిరనియు, నూనె వ్యాపారులు చంపించిరనియు నాటి పత్రికలు ఎన్నియో వ్రాసెను. చరిత్రకారులలో పెక్కుమంది ఆయన తనంతట తానే సముద్రమున దుమికెనని తలంచుచున్నారు. ఆత్మహత్య పాపమని మా సంఘము బోధించుచున్నది. మేమును ఆ బోధను నమ్ముదుము. అయినను ఆ రాత్రి ఓడ వెనుకభాగమున ఆ మనస్సు ఎట్టి చీకటిలో నుండెనో దేవుడే యెరుగును. తీర్పు తీర్చు పని మాది కాదు. కష్టములో నున్న విద్యార్థి గాని, తలిదండ్రులు గాని, మా ఉపాధ్యాయులలో నెవరి యింటి తలుపునైనను ఏ వేళనైనను తట్టవచ్చునని మాత్రము ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇక ఇంజను సంగతి. కంప్రెసరు లేకుండ నూనెను చిమ్ము ఉపాయములు ఆయన వెనుక వచ్చెను. 1920 తరువాత జర్మనులు లారీలకు డీజిలు ఇంజనులు పెట్టిరి. 1927లో బాష్ కంపెనీవారు చిన్న చిన్న కొలతలలో నూనెను తప్పక అందించు పంపును విరివిగా చేయ నారంభించిరి. ఇప్పటికిని మన మెకానిక్కులు బిగించు పంపు దాని సంతతియే. అటుపిమ్మట అమెరికాలో క్లెసీ కమ్మిన్స్ అను యంత్రకారుడు, తన యింజనులు అమ్ముడుపోక దివాలా తీయబోవు సమయమున ఒక సాహసము చేసెను. 1925 నాటి పాత పాకార్డు కారును తీసికొని, దాని పెట్రోలు ఇంజనును దించి, పడవకై చేసిన తన డీజిలు ఇంజను నొకదానిని అందులో ఇరికించెను. 1930 జనవరిలో ఆ కారును ఇండియానా రాష్ట్రమునుండి న్యూయార్కు వరకు సుమారు 800 మైళ్లు స్వయముగ నడపెను. దారిలో నూనెకైన ఖర్చు ఒక డాలరు 38 సెంట్లు. మన షెడ్డులలో అంబాసిడరు కార్లకు జరిగిన మార్పిడికి ఈ పాకార్డే పెద్దన్నగారు. 1936లో జర్మనీలో మెర్సిడెస్ 260 డి అను కారు పుట్టుకతోనే డీజిలు ఇంజనుతో విరివిగా అమ్మకమునకు వచ్చెను.

పొగ విషయము దాచుట ధర్మము కాదు. డీజిలు పొగయందలి మసి ఊపిరితిత్తులకు హానికరమనియు, కాన్సరు కలిగించుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పరిశోధనశాఖ 2012లో నిర్ణయించెను. పాత కారునకు మరింత పాత ఇంజనును ఎక్కించి, పంపును సరిచూపింపక నల్లని పొగ చిమ్ముచు బడిముందు నిలుపువారు ఈ సంగతి తెలిసికొనవలయును.

పనివాని గుడిసెకు సరిపడు చిన్న డీజిలు ఇంజను ఎప్పుడు వచ్చెనో చెప్పి విరమించెదము. జపాను దేశమున యమావొకా మగోకిచి అను బీద రైతు కుమారుడు ఒసాకా నగరమున ఇంజనుల కర్మాగారము పెట్టెను. వరిపొలముల కష్టము ఆయనకు బాల్యమునుండి తెలిసినదే. 1932లో ఆయన జర్మనీకి పోయి లైప్జిగ్ సంతలో డీజిలు ఇంజనును చూచెను. దానిని రైతు మోయగలంత చిన్నదిగ చేయవలెనని స్వదేశమునకు వచ్చి శ్రమించి, 1933 డిసెంబరులో సాధించెను. యుద్ధములు ముగిసిన పిదప, 1957లో, ఆయన ఆగ్స్‌బర్గ్ పట్టణమునకు ఒక కానుక పంపెను. అది యంత్రము కాదు. జపాను రాళ్లతో కట్టిన చిన్న తోట. తండ్రి తల్లులను విడిచి పండ్రెండేండ్ల రూడల్ఫ్ వచ్చి చేరిన ఆ పట్టణపు ఉద్యానవనమున, చెట్లనీడను, ఆయన పేరు చెక్కిన రాయి నిలిచియున్నది. 1897 నాటి ఆ నాలుగున్నర టన్నుల ఇంజను మ్యూనిక్ నగరపు ప్రదర్శనశాలయందున్నది.